గాలి కారని మార్కర్

సాయంత్రం నాలుగూ ఇరవైకి, పెయింట్‌బాల్ మైదానం వెనకున్న సామాన్ల గదిలో, ఆ మధ్యాహ్నమే పెట్టెలోంచి తీసిన, రంగు గుళ్ళు పేల్చే మార్కర్ నుంచి ఒక రబ్బరు గుండు వెళ్ళి ఒక దర్జీ కుడి కంటికి తగిలింది. ట్రిగ్గరు నొక్కింది ఆమె తమ్ముడు. ఇప్పుడు అతను కంటి ఆసుపత్రి వరండాలో, ఇనప కుర్చీల వరసలో చివరి కుర్చీలో ఉన్నాడు. సూది తగిలిందని అక్క లోపల చెప్పింది.

సూది. ఆ మాట ఆమె అన్నప్పుడు అతను పక్కనే ఉన్నాడు. మెట్లెక్కుతూ, చేతిరుమాలు కంటికి అదిమి, బరువంతా అతని భుజం మీద వేసి, "నువ్వు నోరెత్తకు, నేను చెబుతా" అంది. ఏమైందమ్మా అని నర్సు అడిగితే "మెషిన్ మీద కుడుతుంటే సూది విరిగి ఎగిరిందండీ" అంది. తడుముకోలేదు. దర్జీ సూది విరిగిందంటే ఎవరు కాదంటారు. నర్సు రాసుకుని అతని వైపు చూసింది. అతను తలూపాడు. అక్క నోరెత్తకు అంది గానీ తలూపమనలేదు, అది అతను సొంతంగా చేసిన పని. చిన్నప్పుడు పక్కింటివాళ్ళ రేడియో కింద పడేసినప్పుడు కూడా ఇంతే, నాన్న బెల్టు తీసేలోపే అక్క పిల్లి పడేసిందని చెప్పింది. మనింట్లో పిల్లి లేదు కదే అన్నాడు నాన్న. అందుకే పట్టుకోలేకపోయాం నాన్నా, వేరేవాళ్ళ పిల్లి అంది. నాన్న నవ్వాడు, బెల్టు మళ్ళీ నడుముకి పెట్టుకున్నాడు. ఆ రోజు అతను తలుపు వెనక ఉన్నాడు. ఇవాళ తలుపు కూడా లేదు, ఎదురుగా నిలబడి తలూపాడు. అప్పుడు అతని వయసు ఏడు, ఇప్పుడు ముప్ఫై ఆరు.

అతని చొక్కా వెనక పెద్దక్షరాలతో కమాండర్ అని ఉంటుంది. మైదానం ఓనరు కుట్టించిన చొక్కా. ఆడటానికి వచ్చేవాళ్ళు అతన్ని అలాగే పిలుస్తారు, కమాండర్, నా మాస్కు మసకబారింది, కమాండర్, వీడు చచ్చాక కూడా కాలుస్తున్నాడు. వరండాలోకి వచ్చినప్పటి నుంచీ అతను వీపు గోడకి ఆనించే ఉంచాడు. మంచినీళ్ళకి లేవలేదు. ఎదుటి గోడ మీద అక్షరాల బోర్డు ఉంది, పైన అరచెయ్యంత అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. అతను చివరి వరస దాకా చదవగలిగాడు. చదివినందుకు సిగ్గేసి కళ్ళు దించుకున్నాడు. పక్క కుర్చీలో పెద్దాయన కంట్లో చుక్కలు వేయించుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. "ఎవరికి బాబూ?" అన్నాడు కళ్ళు తెరవకుండానే. అక్కకి అన్నాడు. "ఏమైంది?" సూది తగిలింది అన్నాడు. ఆయన డాక్టరు కాదు, పోలీసు కాదు, ఆ మాట ఆయనకి చెప్పాల్సిన పని లేదు, నలతగా ఉందంటే సరిపోయేది. "మా ఆవిడా కుట్టేది. కళ్ళజోడు పెట్టుకో అని మొత్తుకునేవాణ్ణి. మీరైనా చెప్పాలి కదా బాబూ, ఇంట్లో మగాళ్ళు" అన్నాడు పెద్దాయన. చెప్పాలండీ అన్నాడు అతను. రోజుకి అరవై మందికి మాస్కు తొడిగేవాడు, పట్టీ బిగువు వేలు పెట్టి చూసేవాడు, చెప్పాలండీ అన్నాడు.

ప్రతి ఆటకి ముందు అతను పది నిమిషాలు మాట్లాడతాడు. దీన్ని తుపాకీ అనకండి, మార్కర్ అనండి, రంగు మచ్చ వేసి ఊరుకుంటుంది. మాస్కు తీసినవాడి ఆట అక్కడితో సరి. మూతికి సంచి తొడక్కుండా మార్కర్ గేటు దాటి బయటికి రాకూడదు. గాలి సిలిండరు విప్పేశాం కదా అని ధీమా పడకండి, లోపల ఒక ఊపిరి మిగిలి ఉంటుంది, నేలకేసి నొక్కి ఆ ఊపిరి తీసేశాకే ఖాళీ అన్న మాట వాడండి. ఇక్కడ ఒక జోకు ఉంటుంది. మా బావ కూడా ఇంతే, తిట్లు అయిపోయాయనుకుని లేస్తామా, ఇంకొకటి మిగిలి ఉంటుంది. జనం నవ్వుతారు. నవ్విన మాట గుర్తుంటుందని ఆ జోకు అక్కడే పెట్టాడు. అందరికీ గుర్తుండేలా పెట్టినది తన చేతికి గుర్తులేదు. చేతికి వేరే చదువు ఉంది. మైదానంలో పాత మార్కర్లన్నిటికీ రబ్బరు రింగులు అరిగిపోయాయి. సిలిండరు మర తిప్పుతుంటేనే బుస్సుమని మిగిలిన గాలంతా బయటికి పోతుంది. ఆ బుస్సు అయ్యాక ట్రిగ్గరు నొక్కితే టిక్కుమంటుంది, అంతే. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి సిలిండర్లు విప్పింది, బుస్సు విన్నది, పక్కన పెట్టింది. నోరు ఒకటి చెబుతూ వచ్చింది, చెయ్యి ఇంకొకటి నేర్చుకుంటూ వచ్చింది.

కొత్తది పొద్దున వచ్చింది. ధర పాతవాటిలో మూడో వంతు. ఓనరు పెట్టె బల్ల మీద పెట్టి, "సాయంత్రానికి చూసి చెప్పు, బాగుంటే ఇరవై తెప్పిస్తా, మొదటి చూపులో నీకేమనిపించిందో అదే చెప్పు, మళ్ళీ వారం నాన్చకు" అన్నాడు. అతను వంక పెట్టడానికే పెట్టె విప్పాడు. పాతవి ఎంచింది అతనే, ఖరీదు ఎక్కువైనా అవే కావాలని పట్టుబట్టింది అతనే. అట్టపెట్టెలో మార్కర్, నూనె సీసా, రింగుల పొట్లం, ఎలా వాడాలో చెప్పే పుస్తకం. పుస్తకం తెరవలేదు. ఒళ్ళు ప్లాస్టిక్, గొట్టం అల్యూమినియం. పట్టుకుంటే తేలిక, తేలికదనం చవకదనమేనని అప్పటికి నమ్మకం. పిడి అతని చేతికి సరిపోయింది, అది అతనికి నచ్చలేదు, చెప్పడానికి తప్పు ఒకటి తగ్గింది. ట్రిగ్గరు రెండు వేళ్ళు పట్టేంత ఉంది, కదలిక సాఫీగా ఉంది. రంగు గుళ్ళు వాడితే గోడ కడుక్కోవాలి కాబట్టి సామాన్ల గదిలో పరీక్షకి రబ్బరు గుళ్ళు వాడతారు, గోలీ కంటే కొంచెం పెద్దవి. గది చివర రేకు పలకకి ఐదు కొట్టాడు. ఐదూ జానెడు మేర లోపలే పడ్డాయి. వేగం కొలిచే డబ్బా ముందు ఇంకో ఐదు కొట్టాడు, అంకెలు పెద్దగా అటూ ఇటూ కాలేదు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, ఎక్కడా గాలి కారడం లేదు. అప్పటికి వంక పెట్టాలన్న కోరిక పోయింది. ఎవరికైనా చూపించాలన్న కోరిక పట్టుకుంది.

అక్క వచ్చింది. మార్కర్ల మూతి సంచులు కుట్టేది అక్కే, మైదానం తెరిచినప్పటి నుంచీ. దళసరి గుడ్డ, రెండు వరసల కుట్టు, వెనక సాగే తాడు. పొరపాటున పేలినా గుండు ఆ సంచిలోనే ఆగిపోతుంది. కొత్తదానికి కొలత కావాలని అతనే ఫోన్ చేసి పిలిచాడు. "ఇదేంట్రా, బాత్రూము షవరు పైపులా ఉంది" అంది తలుపులోంచే. దీని సంగతి నీకేం తెలుసు, పట్టుకుని చూడు అన్నాడు. "నేనెందుకు పట్టుకోవడం, కమాండరు గారు పట్టుకున్నారుగా. ఇంట్లో గ్యాసు సిలిండరు మార్చాలంటే మాత్రం బావని పిలుస్తారు కమాండరు గారు." అతను నవ్వి సిలిండరు మర విప్పాడు. బుస్సు రాలేదు. రాలేదని అతనికి తెలిసింది. ఇక్కడికి వచ్చేసరికి అతని ఆలోచన ప్రతిసారీ ఆగి వెనక్కి పోతోంది, నూనె సీసా దగ్గరికి, పొట్లం దగ్గరికి, తెరవని పుస్తకం దగ్గరికి, మళ్ళీ ముందుకి వస్తోంది, మళ్ళీ ఇక్కడే ఆగుతోంది. బుస్సు రాలేదని తెలిసి, చూశావా అక్కా, పిసరంత గాలి కారదు దీనికి అన్నాడు. మెచ్చుకున్నాడు. కారని గాలి ఎక్కడికి పోయిందని అడిగి ఉంటే అతనే ఠక్కున జవాబు చెప్పేవాడు, రోజూ చెప్పే జవాబే. గుళ్ళ డబ్బా ఊడదీశాడు. ఒక గుండు అప్పటికే గొట్టంలో ఉంది. అక్క వంగి గొట్టం చుట్టూ టేపు పెట్టి, "పాతవాటికంటే సన్నం, ఆ సంచులు దీనికి జారిపోతాయి" అంది. టేపు తీసింది. గొట్టం చివర ఇంకా ఆమె వైపే ఉంది. "ఖాళీయేనా?" అంది. నేలకేసి నొక్కి చూపించడానికి ఎంతసేపు. ఖాళీనే, చూడు అని అలాగే నొక్కాడు.

చప్పుడు పెద్దగా రాలేదు. అక్క కూర్చుండిపోయింది. అమ్మా అనలేదు, అబ్బా అనలేదు, "ఒరేయ్, ఉండు, ఉండు" అంది, అతను ఇంకేదో చేయబోతున్నట్టు.

గోడకి ఇరవై మాస్కులు వరసగా తగిలించి ఉన్నాయి. అతను వాటి కిందే నిలబడి ఉన్నాడు.

ఆటోలో ఒక్కసారే నోరు విప్పింది. ఆ మైదానంలో లైట్ల పని చేసింది బావ. ఓనరుకి చెప్పి అతన్ని పెట్టించింది బావ. అంతకుముందు గడియారాల కొట్టు, కొరియరు, జిమ్ము, ఒక్కో చోటా కొన్ని నెలలు. "మీ బావకి తెలియకూడదు. ఇదీ పోతే మళ్ళీ ఆయన ముందు తలవంచుకుని కూర్చోవాలి నువ్వు. నేను చూడలేను" అంది. చూడలేను అన్న మాట ఆమె మామూలుగానే అంది, ఆటో ఎగిరింది, రుమాలు జారింది, మళ్ళీ అదుముకుంది. నేనే చెబుతాను అక్కా అని అతను అనాలి. డ్రైవరుతో ఎడమ వైపు తిప్పు అన్నాడు.

డాక్టరమ్మ బయటికి వచ్చి అతని ఎదుట నిలబడింది. కంటి ముందు భాగంలో రక్తం చేరిందట. బయటికి గాయం కనబడట్లేదట. స్కాన్ తీస్తే ముక్క ఏదీ కనబడలేదట, కానీ సూది మొన మరీ సన్నం, తప్పిపోయి ఉండొచ్చు, లోపల ఉంటే కన్నే పోతుంది, తెరిచి వెతకడం నయం, థియేటరు సిద్ధం చేయమన్నాను అంది. "విరిగిన సూది ఇంట్లో ఉంటుంది కదా, తెప్పించండి. ఎంత ముక్క తగ్గిందో చూస్తే మాకు తెలుస్తుంది." సరేనండీ అన్నాడు. ఆ సరేనండీ చెవిలో ఉండగానే బావకి ఫోన్ చేశాడు. బావ అప్పటికే ఇంట్లో ఉన్నాడు, సూది విరిగిందని అక్క ముందే ఫోన్ చేసిందట, మెషిన్ దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడట. "ఒరేయ్, మెషిన్‌లో సూది చెక్కు చెదరలేదు." మార్చి ఉంటుంది బావా. "కన్ను పట్టుకుని సూది మార్చిందా మీ అక్క?" ఏమో బావా. "ఏమో ఏంట్రా, నువ్వక్కడే ఉన్నావని మీ అక్క అందిగా?" నేను వంటింట్లో ఉన్నాను అన్నాడు. అబద్ధానికి ఇల్లు కావాలి, ఇంటికి గదులు కావాలి, అతను కడుతూ పోతున్నాడు. "సరే, అయస్కాంతం పట్టుకుని వెతుకుతా. దాన్ని కంగారు పడొద్దను" అన్నాడు బావ.

కంటిని తెరుస్తారు. లేని సూది కోసం. అతను లేవాలనుకున్నాడు, లేవలేదు, ఫోన్ మోగింది. ఓనరు. "ఏమయ్యా, ఎలా ఉంది సరుకు? ఎక్కడున్నావ్, గది తాళం కూడా వెయ్యలేదు?" అక్కకి బాగాలేదు సార్, ఆసుపత్రిలో ఉన్నాను అన్నాడు. అయ్యో అని, ఆగి, "మరి మార్కర్?" అన్నాడు ఓనరు. ట్రిగ్గరు వదులు సార్, నమ్మకం లేదు, కొనొద్దు అన్నాడు. ఆ మాట తన గొంతులోనే వచ్చింది. రేకు మీద జానెడు మేరలో పడ్డ ఐదు గుళ్ళు గుర్తొచ్చాయి. మాట్లాడలేని వస్తువు మీద కూడా చాడీ చెప్పాడు.

మళ్ళీ బావ. "దొరికిందిరా! మెషిన్ కాలి కింద, బండ సందులో. మొన సగం. ఒక్కటే ఉంది, అగ్గిపెట్టెలో పెట్టుకుని వస్తున్నా. కొంచెం తుప్పు పట్టింది, తుప్పుకి ఇంజెక్షన్ ఏదైనా ఇవ్వాలేమో ముందే అడుగు" అన్నాడు. ఆయాసపడుతున్నాడు, మెట్లు దిగుతున్నట్టున్నాడు. ఏ సంవత్సరం విరిగిన సూదో. అతనికి ముందు కలిగింది ఊరట. అది ఊరటేనని తెలియడానికి కొంత సమయం పట్టింది. మొన దొరికిందంటే లోపల ఏమీ లేదు. లోపల ఏమీ లేదంటే తెరవరు. తెరవకపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అబద్ధానికి సాక్ష్యం దానంతటదే నడుచుకుంటూ వస్తోంది, అగ్గిపెట్టెలో. అతను లేచాడు, ఈసారి కాళ్ళు లేచాయి, వీపు మీద అక్షరాల మాట మరిచిపోయి వరండా అంతా నడిచి తలుపు తట్టి, ముక్క దొరికిందండీ, మా బావ తెస్తున్నాడు అన్నాడు.

"హమ్మయ్య" అంది డాక్టరమ్మ. థియేటరు ఆపమని నర్సుకి చెప్పింది. మొన తగిలి జారిపోయి ఉంటుంది, చుక్కలు రాసిస్తాను, రాత్రికి ఇంటికి తీసుకుపోవచ్చు అని కాగితం తీసి, రాయకుండా కలం పట్టుకుని ఉంది. "ఒకటే నాకు అంతుపట్టడం లేదు" అంది. అతన్ని అనుమానించి కాదు. తనని తాను అడుగుతున్నట్టు అంది. "సూది మొనకి ఇంత రక్తం రాకూడదు. ఏదో గుద్దితే వచ్చినట్టుంది. నాదే ఏదో పొరపాటు."

సూది కాదండీ అన్నాడు అతను. రబ్బరు గుండు. పేల్చింది నేను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఎంత సైజు అని అడిగింది, బొటనవేలి గోరంత అన్నాడు. ఎంత దూరం, మూరెడు. ఎంత వేగం, మామూలుగా సెకనుకి ఎనభై అయిదు మీటర్లు, అది మిగిలిన గాలితో వెళ్ళింది, తక్కువే ఉంటుంది, ఎంతో తెలియదు, కొలవలేదు. కంటికి ఏమైనా పెట్టుకుందా, లేదు. అక్కడ అలాంటివి ఉండవా, ఉంటాయండీ, గోడకి ఇరవై ఉన్నాయి. ఆమె కోపగించుకోలేదు. కోపగించుకుంటే కొంత తేలికయ్యేది. "గుద్దుకుంటే దెబ్బ కంటి వెనక భాగానికి తగులుతుంది. నేను ఇంతసేపూ ముందు వెతుకుతున్నాను. వచ్చిన వెంటనే చెప్పి ఉంటే వెనక చూసేదాన్ని. ఇప్పుడు ఆ రక్తం తెరలా అడ్డొచ్చింది" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

బావ వచ్చాడు. పని బట్టల్లోనే, ప్యాంటు మోకాళ్ళ దగ్గర దుమ్ము. అగ్గిపెట్టె అరచేతిలో పెట్టుకుని, తెరిచి, "ఇదిగో" అన్నాడు. అతను చెప్పాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, వరసగా చెప్పాడు, ఒకటి దాచలేదు, ఖాళీనే చూడు అన్న మాట కూడా చెప్పాడు. బావ తిడతాడని తల కొంచెం ముందుకి వంచి నిలబడ్డాడు. బావ అగ్గిపెట్టె మూశాడు, మళ్ళీ తెరిచాడు, మూశాడు. "నిన్ను పెట్టించేటప్పుడు మీ ఓనరు నన్ను ఏమడిగాడో తెలుసా? ఎలాంటివాడు అని. తెలివైనవాడు అని చెప్పలేదు, కష్టపడతాడు అని చెప్పలేదు, అవి ఆయన నమ్మడు. జాగ్రత్త మనిషండీ అని చెప్పాను" అన్నాడు. ఇంకొకటి మిగిలి ఉంటుందని అతను ఎదురుచూశాడు. బావ వెళ్ళి పెద్దాయన పక్కన, ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

అతను ఓనరుకి ఫోన్ చేసి, మార్కర్ బాగుంది సార్, ట్రిగ్గరు వదులని అబద్ధం చెప్పాను, గాలి తియ్యకుండా నొక్కాను, మా అక్క కంటికి తగిలింది అన్నాడు. "రేపు రాకు" అన్నాడు ఓనరు. "ఎల్లుండి సంగతి ఎల్లుండి."

లోపలికి పిలిచారు, ఇద్దర్నీ. అక్క మంచం మీద, తల ఎత్తు పెట్టి పడుకుని ఉంది. కుడి కంటికి కాపుగా పెట్టిన రేకు మూత తీసి ఉంది. "చెప్పేశావా?" అంది. ఆ అన్నాడు. "వెధవా" అంది. బావ చెయ్యి తడిమి పట్టుకుంది. కంట్లో మధ్య వరకూ రక్తం నిండి ఉంది, అది కిందికి దిగాలి, అప్పటిదాకా వెనక ఏముందో చూడలేమని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పటికి ఎంత కనబడుతోందో చూద్దాం అని నర్సుని అక్క ఎడమ కన్ను మూయమంది. తన చెయ్యి ఎత్తి అక్క ముఖానికి మూరెడు దూరంలో ఆడించింది. అక్క, చెయ్యి కదులుతోంది అంది. డాక్టరమ్మ చెయ్యి ఆపి, వేళ్ళు ఎన్ని అని అడిగింది. అక్క చెప్పలేకపోయింది.